ఆయన పట్టిన కుందేలు

పదో తరగతి పేపర్లు దిద్దడానికి కూర్చున్న లెక్కల టీచరమ్మకు ఒళ్లు మండిపోయింది.

x³ − 4x² + x + 6 అనే బహుపదికి శూన్యాలు కనుక్కోమని ప్రశ్న. విడగొడితే (x + 1)(x − 2)(x − 3) వస్తుంది. అంటే శూన్యాలు −1, 2, 3. చేత్తో రాసిచ్చిన జవాబుల కీలో మాత్రం 1, −2, −3 అని ఉంది. గుర్తులు మార్చకుండా బ్రాకెట్లలోని అంకెల్ని ఉన్నవి ఉన్నట్టు దించేశారు. దించింది సీనియర్ లెక్కల మాస్టారు. ఆమె భర్తకు స్వయానా అన్న. అందరూ ఉండేది ఒకే ఇంట్లో.

ఆయన తన సెక్షన్ పేపర్లు అప్పటికే దిద్ది ఇచ్చేశారు. సరిగ్గా చేసిన వాళ్లకే సున్నా పడింది. ఆ సెక్షన్ పిల్ల ఒకతి స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడి కళ్లు తుడుచుకుంటోంది.

"నాకొచ్చిన విలువలు మళ్లీ మళ్లీ వేసి చూశాను టీచర్. సున్నాయే వస్తోంది."

టీచరమ్మ ఆ పేపరు తీసుకుని నేరుగా ఆయన బల్ల దగ్గరికి నడిచింది.

"బావగారూ, x బదులు ఒకటి వేసి చూడండి. నాలుగు వస్తోంది. అది శూన్యం ఎలా అవుతుంది?"

ఆయన తలెత్తలేదు. "నువ్వు పుట్టకముందు నుంచీ చెప్తున్నానమ్మా ఈ పాఠం. కీ ప్రకారం దిద్దు."

"ఎన్నాళ్లు చెప్పినా నాలుగు సున్నా అయిపోదు కదండీ."

చుట్టూ పెన్నులు ఆగిపోయాయి. ఆయన ముఖం కందగడ్డలా అయింది. "ఇంటికి పోయాక మాట్లాడుకుందాం."

"ఇది ఇంటి గొడవ కాదండీ."

ఇంట్లో ఆ సాయంత్రం ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. తోటికోడలు కంచాలు ఠంగుఠంగున పెట్టింది. భర్త మాత్రం గదిలోకి వచ్చి గొంతు తగ్గించి అన్నాడు.

"రెండు మార్కులకి ఇంత రాద్ధాంతమా? అన్నయ్య పరువు నలుగురిలో తీశావు."

"మీ అన్నయ్య పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. నాలుగోది ఉందన్నందుకు నామీద కోపమా?"

అతను దిండు సర్దుకుని అటు తిరిగి పడుకున్నాడు. ఆమె కోపం ఇంకా పెరిగింది.

మర్నాడు హెడ్మాస్టరు గదికి వెళ్లి సుద్దముక్క ఆయన చేతిలోనే పెట్టింది. ఆయన గోడబోర్డు మీద ఒకటి వేసి చూశారు, నాలుగు వచ్చింది. మైనస్ ఒకటి వేస్తే సున్నా వచ్చింది. గబగబా తుడిచేశారు. మధ్యాహ్నానికల్లా అన్ని సెక్షన్లకూ కబురు వెళ్లింది: అచ్చుతప్పు దొర్లింది, మార్కులు సరిచేస్తాం.

"చేతిరాత కీకి అచ్చుతప్పేంటి సార్?" అందామె.

"పిల్లలకి మార్కులొచ్చాయి కదమ్మా. పెద్దాయన్ని ఇంకా ఏం చేద్దామంటావు?"

"పొరపాటు నాదేనని పిల్లల ముందు ఒక్కమాట చెప్పమనండి."

హెడ్మాస్టరు కాగితాలు సర్దుకున్నారు. బావగారు ఆ మాట చెప్పలేదు. పైగా టీచరమ్మ వరండాలో ఎదురుపడితే పక్కకు తప్పుకోవడం మొదలుపెట్టారు.

వారం తిరక్కముందే ఆయన సెలవు పెట్టిన రోజున ఆ సెక్షన్‌కి ఆమె వెళ్లింది. బోర్డు మీద కొత్త బహుపది రాసి, ఆనాడు గుమ్మంలో ఏడ్చిన పిల్లని లేపింది. పిల్ల చకచకా కారణాంకాలు రాసి, ఆగిపోయింది.

"శూన్యాలు రాయమ్మా."

"ఏవి రాయమంటారు టీచర్? వచ్చినవా, మాస్టారు ఒప్పుకునేవా?"

క్లాసంతా నవ్వింది. పిల్ల నవ్వలేదు. నిజంగానే అడుగుతోంది.

"వచ్చినవి రాయి," అంది టీచరమ్మ.