దివిటీవాడి కోరిక

యోధుడి పట్టికలో ఆరో మెట్టు దగ్గర ఆర్డిస్ క్వామీ వేళ్ళు ఆగాయి. కాగితాన్ని కళ్ళద్దాల పైనుంచి చూసి, "వీడు బాగా బలిశాడు, డ్వైట్," అంది.

"బలిస్తే నీకేం? ఆడేవాళ్ళకి కావాల్సిందే అది!"

"మంత్రగాడు ఏడుస్తాడు మరి."

డ్వైట్ గొణుక్కుంటూ ఒక అంకె తగ్గించాడు. ఎప్పుడూ జరిగేదే. విస్కాన్సిన్‌లో సరస్సు ఒడ్డున, చెప్పుల దుకాణం పైన మూడు గదులు మా కంపెనీ. బల్ల చుట్టూ కూర్చుని పాచికలేస్తూ ఆడే సాహసాల ఆట మాది. తలా ఒక వృత్తి ఎత్తుకుని, యోధుడో మంత్రగాడో అయి, ఊహల్లోనే గుహలు దూరతారు. ఆడేకొద్దీ మెట్టు మెట్టుకీ బలం పెరుగుతుంది. ఆ వృత్తులు కల్పించడం డ్వైట్ పని, టైపు చెయ్యడం ఆర్డిస్ పని. పదకొండేళ్ళ నుంచీ అంతే.

ఆర్డిస్ యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పొడుగ్గా, భుజాలు ముందుకు వాలి ఉండేది. చలికాలమంతా వేళ్ళ కొసలు పగిలి, వాటికి పట్టీలు. పక్క గదిలో మేమెంత అరుచుకున్నా తలెత్తేది కాదు. ఆమె ఉందని మర్చిపోయి మేం బూతులు కూడా మాట్లాడేవాళ్ళం, ఏం చెప్పను!

అలాంటి మనిషి ఆ శీతాకాలం సొంతంగా ఒక వృత్తి రాసి తెచ్చింది. దివిటీవాడు. మా ఆటలో దివిటీ పట్టేవాణ్ణి రెండు వెండి నాణేలకు కూలికి తెచ్చుకుంటారు. వాడికి పేరుండదు, చస్తే ఇంకొకణ్ణి తెచ్చుకుంటారు. వాణ్ణి ఇరవై మెట్లు ఎక్కించింది ఆర్డిస్. ఆ కాగితం తెచ్చి లీలాండ్ బల్ల మీద పెట్టింది. లీలాండ్ మా యజమాని.

శుక్రవారం మధ్యాహ్నం దాన్ని ఆడి చూసే పరీక్ష. కొత్త పుస్తకంలో ఎక్కాలంటే అదే ఆఖరి అవకాశం. కొత్త వృత్తి రాసినవాళ్ళు దాని పరీక్షలో పెదవి విప్పకూడదని మా ఆచారం. పుస్తకంతో పాటు మనిషి ఇంటింటికీ వెళ్ళి చెప్పడు కదా! ఆర్డిస్ మూలన కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆడే ఐదుగురూ వృత్తులు ఎంచుకున్నారు. దివిటీవాణ్ణి ఎవరూ తీసుకోలేదు. ఆమె మెడ ఎర్రబడింది.

పది నిమిషాల్లో డ్వైట్ యోధుడు గోతిలో పడి చచ్చాడు. మిగిలిన కాగితం దివిటీవాడిదొక్కటే.

"సరే, ఇవ్వండి. కూలివాడే గతి!"

ఆ తర్వాత గంటన్నర ఎవరూ కాఫీకి లేవలేదు. ఆ గుహల్లోంచి దివిటీవాడితో కలిపి ఐదుగురూ ప్రాణాలతో బయటపడటం అదే మొదటిసారి. దివిటీ వెలుగు ఉన్నంత మేర ఒక్కరూ దారి తప్పలేదు, భయపడలేదు. లీలాండ్ బల్ల మీద చరిచాడు.

"బ్రహ్మాండం! కానీ పైన వాక్యమేదీ?"

ప్రతి వృత్తికీ పైన ఒక్క వాక్యం ఉండాలి, వాడికేం కావాలో. యోధుడికి పేరు, మంత్రగాడికి మర్మం, దొంగకి చేతికందిందల్లా. ఆర్డిస్ ఆ చోటు ఖాళీగా వదిలేసింది.

"అదే నేనూ చూస్తున్నా," అన్నాడు డ్వైట్. "ఇరవై మెట్లలో వీడికంటూ ఒక్కటీ లేదు. వెలుగు వాళ్ళకి, ధైర్యం వాళ్ళకి, దారి వాళ్ళకి. వీడేం పాపం చేశాడు, ఆర్డిస్?"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వబోయింది. అందరి పట్టికల్లో తప్పులు పట్టే మనిషి, ఇంత తప్పు తన కంటికి ఆనలేదు.

"నాలుగింటికి ప్రెస్సు బండి వస్తుంది," అన్నాడు లీలాండ్. "ఆ లోపు వాక్యమిస్తే పుస్తకంలో ఉన్నట్టే."

ఆమె టైపు మిషన్ ముందు కూర్చుంది. చిత్తు కాగితం మీద 'తోటివారి క్షేమం' అని కొట్టింది. అబద్ధమనిపించి చింపేసింది. మరి ఏం కావాలి? 1949లో, ఆమె వయసులో ఉన్నప్పుడు, ఆరిన్ అనే కుర్రవాడు పడమట దూరాన ఒరెగాన్ తోటల్లో పనికి వెళుతూ, వస్తావా అన్నాడు. అమ్మ మంచంలో ఉంది. వచ్చే ఏడు వస్తానంది. అమ్మ ఇంకా పందొమ్మిదేళ్ళు బతికింది. అమ్మ తర్వాత అన్నయ్య పిల్లల్ని సాకడం. మళ్ళీ ఎవరూ అడగలేదు. వెళ్ళాలని ఎంతగా ఉండేదంటే, పడమటి రైలు కూత పెట్టినప్పుడల్లా ఆ ఏడంతా కుళాయి తిప్పి వదిలేది, వినబడకుండా.

మూడున్నర దాటాక మిషన్ టకటకమంది. ఒకే ఒక్క వరస. ఆగిపోయింది.

నాలుగింటికి లీలాండ్ తలుపు దగ్గరికొచ్చాడు. "ఏదీ, ఆర్డిస్?"

ఆమె మిషన్ మీద గుడ్డ కప్పేసింది. "కుదర్లేదు. తీసెయ్యండి."

"పోనీ నేను రాయనా?"

"వద్దు, మీకు తెలీదు," అంది. అంత గట్టిగా ఆమె మాట్లాడటం మేమెప్పుడూ వినలేదు. కోటు తొడుక్కుని మెట్లు దిగి వెళ్ళింది. ప్రెస్సు బండి దివిటీవాడు లేకుండానే కదిలింది.

సోమవారం ఆమె రాలేదు. ఆదివారం వంటింటి కుర్చీలోనే గుండె ఆగిందని పక్కింటావిడ ఫోను చేసింది.

సంతాపం తెలిపే ఉత్తరం టైపు చెయ్యడానికి డ్వైట్ గుడ్డ తీశాడు. తీసి, మమ్మల్ని పిలిచాడు. మేమందరం వెనకనుంచి తొంగిచూశాం. మిషన్‌లో దివిటీవాడి కాగితం ఇంకా బిగించే ఉంది, పైన ఒక్క వరసతో: 'ఒక్కసారి ఇంకెవరైనా దివిటీ పట్టుకుంటే, వెనక నడవాలని.'