గట్టయ్య పేరిట ఆరు పట్టీలు

సేల్స్ టాక్స్ ఆఫీసు నుంచి వచ్చిన నోటీసును యాదగిరి మూడుసార్లు చదివాడు. మూడుసార్లూ అర్థమైంది. అర్థమైతే గుండె గుభేలుమనాలి గదా, అతనికి ఏమీ కాలేదు. కాగితాన్ని మడిచి ప్రింటరు కింద పెట్టి టీ తెప్పించుకున్నాడు. ఆ టీ చల్లారిపోయి ఉందన్న సంగతి కూడా గ్లాసు ఖాళీ అయ్యాకే తెలిసింది.

అది 1988లో మిర్చి సీజను. వరంగల్ మార్కెట్ గేటుకు ఎదురుగా, ఎరువుల దుకాణం పైన ఉన్న ఒంటి గదిలో అతని కంప్యూటరు ఉండేది. కింద బస్తాలు దించుతుంటే పైన కూర్చున్నవాడికి కూడా తుమ్ములు తప్పవు. మిర్చి ఘాటుకు మిషను పాడవుతుందని దాని మీద ఎప్పుడూ తడి లుంగీ గుడ్డ ఒకటి అడ్డం కట్టి ఉంచేవాడు. చూసిన వాళ్లు పసిపిల్లకు తట్టు పోసిందా అని వేళాకోళం చేసేవారు.

నోటీసు సారాంశం ఇది. మూడేళ్లుగా యాదగిరి ఆరు దుకాణాలకు ఫ్లాపీలు అమ్మాడు, అమ్మకం పన్ను కట్టలేదు. పన్నూ జరిమానా కలిపి పందొమ్మిది వేల నాలుగు వందలు. సరైన సంజాయిషీ ఇవ్వకపోతే, డబ్బూ కట్టకపోతే, మిషను జప్తు.

మిషను అంటే ఉత్త మిషను కాదు. ములుగు దారిలో అన్న గట్టయ్యకున్న నాలుగెకరాల్లో బావి కింది రెండెకరాలు అమ్మి కొన్నది. తండ్రి పోయాక యాదగిరిని పాలిటెక్నిక్ దాకా చదివించింది ఆ అన్నే. ఆయనకు సంతకం రాదు, బొటనవేలే. మిషను వచ్చిన రోజున చూడటానికి వచ్చి, చెప్పులు మెట్ల కింద విడిచి, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. చాలాసేపు చూసి, "గిదేనా తమ్మీ మన రెండెకరాలు?" అన్నాడు. అందులో నిష్ఠూరం లేదు, నిజంగానే అడిగాడు.

యాదగిరి చేసే పని ఇది. రైతు సరుకు తెచ్చి అడ్తి దుకాణంలో దించుతాడు. సేటు దాన్ని అమ్మించి కమీషన్ తీసుకుంటాడు. తూకం అయ్యాక రైతు చేతికి తక్‌పట్టీ అని ఒక చీటీ ఇస్తారు. ఎన్ని బస్తాలు, ఎంత తూకం, ఏం ధర, ఏమేం కోసుకున్నారు, చేతికి ఎంత, అన్నీ అందులోనే. వెనుకటికి మునీములు చేత్తో రాసేవారు. ఇప్పుడు తూకం చిట్టీలు యాదగిరి గదికి వస్తాయి, పావుగంటలో ప్రింటైన పట్టీలు కిందికి పోతాయి. దుకాణానికొక ప్రోగ్రాం రాసిచ్చినందుకు ఒక ఖరీదు, అచ్చేసినందుకు నెలకింత.

మరి మధ్యలో ఈ ఫ్లాపీ అమ్మకం ఎక్కడిదంటే, అది రాంచందర్ సేటు పుణ్యం. మూడేళ్ల కింద మొదటి బేరం ఆయనతోనే.

"ఆరు వేలంటున్నవ్ యాదగిరీ. నా చేతికేమొస్తది?" అన్నాడు సేటు.

"ప్రోగ్రాం సేటూ. నెల రోజుల పని."

"పనైతే కూలిస్త. దినానికి ముప్పయ్యంటే నెలకు తొమ్మిదొందలు. ఆరు వేలెట్లయితయ్?"

యాదగిరి సంచిలోంచి నల్లటి ఫ్లాపీ తీసి ముందు పెట్టాడు. ఇందులోనే ఉంది సేటూ, అంతా ఇందులోనే ఉంది అన్నాడు. సేటు దాన్ని అటూ ఇటూ తిప్పాడు, అరచేతిలో పెట్టి బరువు చూశాడు. "జర పల్చగున్నది. గని వస్తువు వస్తువే" అని మునీమును పిలిచి రాయమన్నాడు. ఫ్లాపీ ఒకటి, ఆరు వేలు.

ఆ సాయంత్రం దానికి పసుపూ కుంకుమా పెట్టి ఇనప్పెట్టెలో దాచారు. లెక్కలు పరాయివాడి గదిలో ఉండకూడదు గనక రోజూ పొద్దున మునీము దాన్ని చేతిరుమాలులో చుట్టుకొని పైకి తెచ్చేవాడు, మార్కెట్ ముగిశాక తీసుకుపోయేవాడు. తక్కిన ఐదుగురు సేట్లదీ అదే వరస. ఆ బజారులో పనికి ఇచ్చేది కూలి. వస్తువుకైతే ఎంతైనా ఇస్తారు. ఆ కిటుకు తెలుసుకున్నానని యాదగిరి మురిసిపోయి, 'ఫ్లాపీ' అని అచ్చేసిన బిల్లు పుస్తకమే తయారుచేయించుకున్నాడు. తెలివైనవాడు తన గొయ్యి తాను ఎంత నీటుగా తవ్వుకుంటాడో చూడండి.

టాక్స్ ఆఫీసరు పేరు రాజేశ్వర్ రావు. సన్నటి మనిషి, లావు కళ్లద్దాలు. లంచం అడిగే మనిషైతే పని తొందరగా తేలిపోయేది. ఈయన అడగడు, చదువుతాడు. బిల్లు పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివి తలెత్తాడు.

"ఫ్లాపీ ఖరీదు ముప్పై రూపాయలే సార్. మిగిలిందంతా నా కష్టం" అన్నాడు యాదగిరి.

"బిల్లులో ఫ్లాపీ అనే ఉంది. కష్టం అని ఎక్కడుంది?"

యాదగిరి బిల్లు పుస్తకం వంక చూశాడు.

"చూడండి" అన్నాడు ఆఫీసరు, కోపం లేకుండా. "నా బట్ట ఇచ్చి, కొలతలిచ్చి చొక్కా కుట్టించుకున్నాననుకోండి. అది కుట్టుకూలి. దానికి టాక్స్ లేదు. దుకాణంలో వేలాడే చొక్కా కొన్నాననుకోండి, అది సరుకు. కుట్టినవాడు ఎంత కష్టపడ్డా సరుకే. మీరు ఒకే చొక్కా కుట్టి ఆరుగురికి అమ్మారా, ఆరుగురికీ ఆరు కొలతలు తీశారా? నాకూ ఇది కొత్త కేసే. పైవాళ్లకు రాస్తే ఫ్లాపీ అంటే ఏమిటని వాళ్లు నన్నే అడిగారు. కొలతలు వేరువేరని చూపించండి, కూలి అని రాసేస్తాను. వచ్చే సోమవారం."

గదికి తిరిగివచ్చి యాదగిరి ఆరు ప్రోగ్రాములూ ముందేసుకున్నాడు. చాలా మటుకు ఒక్కటే. బస్తాల లెక్క ఒక్కటే, ధర కట్టడం ఒక్కటే, కమీషన్ ఒక్కటే. తేడా అంతా ఒక్క చోటే ఉంది, కోతల దగ్గర. రాంచందర్ సేటు బస్తాకు రెండు కిలోలు తరుగు తీస్తాడు. పద్దు చివర ధర్మం అని మరికొంత. కిషన్ రావు తరుగు కిలోన్నరే, కానీ పది రూపాయల లోపు చిల్లర ఏదున్నా మాయం కావాలన్నాడు. భర్త పోయాక దుకాణం నడుపుతున్న శకుంతలమ్మ సత్రం చందా అని పట్టమంది. ఆ సత్రానికి మూడేళ్లయినా పునాది పడలేదు. మార్కెట్ చట్టం ప్రకారం వీటిలో ఒక్కటీ కోయకూడదు. అందుకే ఒక్కొక్కరూ తలుపు దగ్గరకేసి, పక్కన స్టూలు మీద కూర్చొని, గొంతు తగ్గించి చెప్పారు. కడమోళ్లకు చెప్పకు అని కూడా అందరూ చెప్పారు. యాదగిరి తీసిన కొలతలు అవే.

అప్పుడు ఏమనుకున్నాడో గుర్తు తెచ్చుకుందామని చూశాడు. ఏమీ అనుకోలేదు. లెక్క సరిగా వస్తే చాలనుకున్నాడు.

అలవాటు ప్రకారం ఒక్కో ఫ్లాపీ వేసి ఒక్కో మచ్చు పట్టీ అచ్చు తీశాడు. కొత్త ప్రోగ్రాం రాసినప్పుడల్లా సరిచూడటానికి ఒకటే లెక్క వేసేవాడు. పది బస్తాల మిర్చి, నాలుగు క్వింటాళ్లు, క్వింటాలు తొమ్మిది వందలు. రైతు పేరు కూడా ఏదో ఒకటి కొట్టాలి గనక మొదటి రోజున వేళ్లకు వచ్చిన పేరే కొట్టాడు. అదే ప్రతి ఫ్లాపీలోనూ ఉండిపోయింది.

ఆ ఆరు కాగితాలూ తీసుకొని ముందు రాంచందర్ సేటు దగ్గరికి వెళ్లాడు. ఇవి ఆఫీసరుకు చూపించాల్సి వస్తోంది సేటూ అన్నాడు. సేటు కళ్లజోడు పెట్టుకొని చూసి, తీసేసి నవ్వాడు.

"గాయన సేల్స్ టాక్సాయన. సరుకు మీద పన్ను చూస్తడు గని, రైతుకు మనమెంత కోసినమో ఆయనకెందుకు? పెట్టుకో పో. ఫికర్ చెయ్యకు."

వద్దంటాడేమోనని వెళ్లాడు యాదగిరి. వద్దంటే బాగుండునని కూడా వెళ్లాడు, ఆ సంగతి దుకాణం మెట్లు దిగుతుంటే తెలిసింది.

సోమవారం గట్టయ్య కూడా వచ్చాడు. మొదటి బస్సుకే పన్నెండు బస్తాలతో మార్కెట్‌కు వచ్చి, రాంచందర్ సేటు దుకాణంలో అమ్మి, అటునుంచి అటే ఆఫీసుకు నడిచి వచ్చి వరండాలో కూర్చున్నాడు. ఆ పూట పట్టీలు యాదగిరి ముందే అచ్చేసి వచ్చాడు. చిట్టీల మీది పేర్లు ఎవరివో పట్టించుకుంటూ కొట్టే అలవాటు అతనికి ఎప్పుడో పోయింది.

లోపల రాజేశ్వర్ రావు ఆరు పట్టీలనూ బల్ల మీద వరసగా పేర్చుకున్నాడు. మొదటి దాని నుంచి చివరి దాకా, మళ్లీ చివరి దాని నుంచి మొదటి దాకా చదివాడు.

"పది బస్తాలే. అదే తూకం, అదే ధర. చేతికి వచ్చేది మాత్రం ఆరు చోట్ల ఆరు రకాలు."

"అవును సార్. అదే తేడా."

"ఈ దుకాణంలో రెండు వందల పద్నాలుగు రూపాయలు పోయాయి. ఇక్కడ తొంభై ఆరు. అన్ని చోట్లా పోగొట్టుకుంటున్నాడు. ఎవరండీ ఈ గట్టయ్య?"

"మా అన్న సార్."

ఆఫీసరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. ఏదో అడగబోయి, అది తన శాఖ కాదని జ్ఞాపకం వచ్చినట్టుంది, తెల్ల కాగితం ఒకటి ముందుకు జరిపాడు. "రాయండి" అని చెప్పసాగాడు. యాదగిరి రాశాడు.

పై పట్టీలలోని కోతలను ఒక్కొక్క దుకాణం అవసరం ప్రకారం నా సొంత తెలివితో, నా సొంత కష్టంతో విడివిడిగా తయారుచేశాను. ఇందులో ముందే తయారుచేసి అమ్మిన సరుకు ఏదీ లేదు.

అక్షరాలు గుండ్రంగా, ముద్దుగా వచ్చాయి. సంతకం పెట్టాడు. సిగ్గుపడాల్సిన చోటు ఇదేనని తెలుస్తూనే ఉంది, సిగ్గు మాత్రం ఎంతకీ రావడం లేదు. ఆఫీసరు ఫైలులో కూలి అని రాసి, ఉత్త ఫ్లాపీల ఖరీదు మీద పన్ను ఇరవై రెండు రూపాయలు కట్టిపొమ్మన్నాడు. యాదగిరి కట్టి రసీదు తీసుకున్నాడు.

గట్టయ్య వరండాలో గోడకు ఆనుకొని గొంతుక్కూర్చున్నాడు. తువ్వాలు నిండా మిర్చి వాసన. తమ్ముణ్ణి చూసి లేచాడు.

"ఏమన్నడు తమ్మీ?"

"మిషిన్ మనదే అన్నా. నేను చేసింది కూలి పనేనట. కూలికి టాక్స్ లేదట."

గట్టయ్య మొహం విచ్చుకుంది. "గా ముక్క చెప్పేతందుకు గిన్ని దినాలు పట్టెనా వాళ్లకు? మనం కూలోళ్లమని నేను పుట్టినప్పటి సంది చెప్తాన" అని నవ్వాడు. యాదగిరి భుజం మీద రెండు సార్లు చరిచాడు. తరువాత అంగీ జేబులోంచి మడత పెట్టిన పట్టీ తీశాడు. "జర చదువు. ఎంతొచ్చిందో."

ప్రతి సీజనులోనూ అన్న పట్టీని యాదగిరే చదివేవాడు. చదవడమంటే ఆఖరి గీత కింది అంకె ఒక్కటీ చెప్పడమే. అన్న అంతకంటే అడిగేవాడు కాదు. ఇవాళ ఎందుకో మొదటి గీత నుంచి మొదలుపెట్టాడు.

"గట్టయ్య. పన్నెండు బస్తాలు."

"ఊ."

"తరుగు ఇరవై నాలుగు కిలోలు."

"ఊ."

"ధర్మం ముప్పై నాలుగు రూపాయలు." యాదగిరి ఆగాడు. "ఈ రెండు గీతలు నేనే పెట్టిన అన్నా. సేటు పక్కన కూసోని చెప్పిండు, నేను పెట్టిన."

"ఎర్కే గదరా. అన్ని నువ్వే పెట్టినవాయె" అన్నాడు గట్టయ్య. ఆ గొంతులో ఉన్నది గర్వమే. తమ్ముడు చెప్పుకుంటున్న తప్పు ఆయన చెవికి తమ్ముడి గొప్పగానే చేరింది.

"ఇవి కొయ్యొద్దే అన్నా. సర్కారే వద్దన్నది."

"నాకెర్క లేదా? మునీము చేత్తోని రాసే కాలంల గిదే తరుగు మీద ఎంత కొట్లాట! ఆయన రెండు కిలోలంటే నేను కిలో అనేటోన్ని. దుకాణమంత ఒక్కటి చేసేటోన్ని. ఆఖర్కు కిలోన్నరకు దిగొచ్చేటోడు." గట్టయ్య తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "గిప్పుడు కొట్లాడుతలేను."

"ఎందుకు?"

"ఎందుకేందిరా? గది నీ మిషిన్ల నుంచి అచ్చిన కాయిదమాయె. నలుగురిల నిలవడి నా తమ్ముని లెక్క తప్పని నేనెట్లంట? ఇయ్యాల మనూరి రాయమల్లు లొల్లి వెట్టుకోవోయిండు. నేనే ఆపిన. మా తమ్ముడు చేసిండు, తప్పుండదు, తీసుకొని నడువు అన్న. పాపం, నా మాట మీద తీసుకున్నడు."

యాదగిరి చేతిలో పట్టీ, పన్ను కట్టిన రసీదు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ఏడుపు వస్తుందేమోనని ఎదురుచూశాడు. రాలేదు.

అతను అలా ఉండిపోవడం చూసి గట్టయ్యకు మొదటిసారి కొంచెం అనుమానం వచ్చింది. దగ్గరికి జరిగి, ఎవరూ వినకుండా అడిగాడు.

"తప్పేం లేదు గద తమ్మీ?"

"లేదన్నా. లెక్క సరిగ్గనే ఉన్నది."

"గంతే మరి" అని గట్టయ్య పట్టీ తీసుకొని జేబులో పెట్టుకున్నాడు. ములుగు బస్సుకు వేళయిందని మెట్లు దిగాడు.