రెండో చరణంలో ఊపిరి

మా అక్క బతుకు మీద సినిమా తీస్తానని దర్శకుడు ఇంటికొచ్చి అడిగినప్పుడు, అక్క ఒక్కటే కోరింది. "ఆ పాట రెండో చరణం తెగకుండా పాడించండి. నాకంతే చాలు." ఆయన తల ఊపాడు. సినిమా వాళ్ళ తల ఊపుడు నమ్మి ఇద్దరం రికార్డింగ్‌కి వెళ్ళాం.

అక్కకి పేరు తెచ్చింది ఆ పాటే. రెండో చరణం చివర గొంతు ఠక్కున తెగి, క్షణం ఆగి, మళ్ళీ అందుకుంటుంది. అక్కడికొచ్చేసరికి జనం కళ్ళు తుడుచుకుంటారు. ఎంత భావమో అంటారు. భావమూ లేదు, నా బొందా లేదు. అద్దం ముందు ఎక్కువసేపు నిలబడిందని ఆ పాట రికార్డింగ్ రోజు ఉదయం బావ అక్కని డొక్కలో తన్నాడు. విరిగిన పక్కటెముకతో వచ్చి పాడింది, ఊపిరి అందలేదు. తర్వాత కచేరీల్లో తెగకుండా పాడితే, అలాగే తెగాలని జనమే గోల పెట్టారు. బావ పోయి చాలాకాలమైంది. నేనప్పుడు ఏడవలేదు, ఇప్పుడూ ఏడవను.

అక్కకి ఇప్పుడు పాడే ఓపిక లేదు. గాజు గదిలో నిలబడి పాడుతున్నది ఓ కొత్త పిల్ల. బంగారంలాంటి గొంతు. రెండో చరణం చివరికొచ్చి, అచ్చం అక్కలాగే తెగింది. ఇవతల అందరూ చప్పట్లు కొట్టారు.

అక్క మొహం పాలిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"తన్నితే తెగిందయ్యా అది! పక్కటెముక విరిగి!" అని దర్శకుడి మీద అరిచాను.

ఆయన కళ్ళు మెరిశాయి. "అమ్మా, ఇంత గొప్ప సీను ఇన్నాళ్ళూ దాచారా!"

చెంప పగలగొట్టేదాన్నే. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఒక్కసారి నేను చెప్పినట్టు పాడించండి బాబూ," అంది. కాదనలేక ఒప్పుకున్నాడు.

అక్క లోపలికెళ్ళి పిల్ల పక్కన నిలబడింది. మైకులోంచి మాటలన్నీ మాకు వినిపిస్తున్నాయి.

"అక్కడ అలా ఆగడం ఎవరు నేర్పారమ్మా?"

"మా టీచరుగారండీ. ఆగకపోతే నెత్తిమీద మొట్టేవారు. పోటీల్లో మార్కులన్నీ అక్కడేగా!"

"ఈసారి ఆగకు. ఊపిరి నిండా తీసుకుని ఒకే ఊపులో పాడెయ్."

పిల్ల పాడింది. తెగింది. నాలిక్కరుచుకుని మళ్ళీ పాడింది. మళ్ళీ అక్కడే. అక్క చేత్తో తాళం వేసింది, వీపు నిమిరింది, వణికే గొంతుతో ఆ పాదం తనే పలికి చూపించింది. పిల్ల కళ్ళు మూసుకుని గుండెల నిండా గాలి పీల్చుకుంది. ఒంటిమీద ఏ దెబ్బా లేని పిల్ల. అక్కడికి రాగానే గొంతు దానంతటదే తెగింది.

"రావట్లేదండీ," అని ఏడ్చేసింది. "నాకు ఇలాగే వచ్చు."

అక్క ఆ పిల్ల కళ్ళు తుడిచి బయటికొచ్చింది. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ నావైపు చూడకుండానే అంది.

"చచ్చి కూడా వదల్లేదే మీ బావ."