గుమ్మం దాకా వచ్చినవాడు

వగ్మా చేతుల గోరింట ఇంకా పూర్తిగా వెలిసిపోలేదు. పొద్దున్నే రొట్టెల పిండి కలిపేటప్పుడు ఆ ఎరుపు కంటపడితే చాలు, తనలో తనే నవ్వుకుంటుంది. పెషావర్‌లో కాలేజీ చదువు చదివి వజీరిస్తాన్ కొండల్లోకి కాపురానికి వచ్చిన పిల్ల. ఏలకులు వేసిన పచ్చ టీ, మిద్దె మీద ఎండబోసిన ఖుబానీ పళ్ళు, బళ్ళో లెక్కలు చెప్పే మొగుడు సైదల్ సాయంత్రాలు జేబులో వేసుకొచ్చే బెల్లం ముక్క, అన్నీ ఆమెకు సంబరమే. ఆ బెల్లానికి అంటుకున్న సుద్దపొడిని ఊది తినడం ఇంకా సంబరం.

వాళ్ళ పెళ్ళి విందు కూడా చిత్రంగానే జరిగింది. పైన కందిరీగలు తిరుగుతున్నాయని, ఊరికి మాలిక్, అంటే పెద్ద, అయిన మామగారు దరాజ్ ఖాన్ ఒక్కసారి నలుగురికి మించి జనాన్ని పోగవనివ్వలేదు. ఆ లోయలో డ్రోన్లను అందరూ కందిరీగలనే అంటారు; జనం గుంపుగా కనబడితే బాంబు వేస్తాయి. నలుగురు తిని చేతులు కడుక్కుని పోయాక ఇంకో నలుగురు. అలా వారమంతా సాగింది. డోలు వాయించేవాడు విసిగిపోయి, "ఇది పెళ్ళిలా లేదు మాలిక్ గారూ, పళ్ళు పీకే డాక్టరు గుమ్మంలో వరసలా ఉంది" అన్నాడు. పరదా వెనక కూర్చున్న వగ్మా పైటకొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

ఆ వారంలోనే కమాండర్ షేర్‌జమాన్ కూడా వచ్చి తిన్నాడు. కొండల్లో ఉండి సైన్యంతో పోరాడే ముఠా అతనిది. తిన్నాక మెల్లిగా విషయానికి వచ్చాడు. వీధికి ఇద్దరు కుర్రాళ్ళు కావాలన్నాడు.

"టీ తాగు, ఇంకో ముద్ద తిను. కుర్రాళ్ళని మాత్రం నా వాకిట్లో అడక్కు" అన్నాడు దరాజ్ ఖాన్. "వాళ్ళని కన్నది నీ తుపాకులు మొయ్యడానికి కాదు."

షేర్‌జమాన్ నవ్వి లేచిపోయాడు. లోయలో అతనికి ఆ మాట చెప్పి, మర్నాడు కూడా ధైర్యంగా సంతకు వెళ్ళగల మనిషి దరాజ్ ఖాన్ ఒక్కడే.

ఆకులు రాలే కాలంలో ఇంకో కబురొచ్చింది. వాగు నీళ్ళ తగాదాలో సైదల్ అన్నను కాల్చి చంపిన బాద్షా మీర్, గొర్రెను తోలుకుని క్షమాపణకు వస్తున్నాడు. దాన్ని నానవాతే అంటారు. తప్పు చేసినవాడు తనంత తాను గుమ్మం తొక్కి తల వంచితే, ఎంత రక్తం కళ్ళజూసిన పగైనా వదిలెయ్యాలి. ఆ గొర్రెను కోసి వండి, రెండు పక్షాలవాళ్ళూ ఒకే పళ్ళెంలో చెయ్యి పెడితే సంధి కుదిరినట్టు. అందుకు రెండువైపుల పెద్దలూ సాక్షులుగా ఉండాలి.

"కొడుకు పెళ్ళికి నలుగురు నలుగురన్నావు. ఇవాళ హుజ్రా నిండా మనుషుల్ని కూర్చోబెడతావా?" అంది అత్తగారు జర్‌బీబీ. హుజ్రా అంటే ప్రహరీ బయట మగవాళ్ళు కూర్చునే చావడి.

"పెళ్ళి విడతల్లో చెయ్యొచ్చే. క్షమించడం విడతల్లో కుదరదు" అన్నాడాయన.

జర్‌బీబీ లోపలికి వెళ్ళింది. పోయిన కొడుకు టోపీని పెట్టెలోంచి తీసి, దులిపి, మళ్ళీ పెట్టెలో పెట్టింది.

అత్తారింట్లో వగ్మాకు అదే మొదటి పెద్ద వంట. కాళ్ళు నేల మీద ఆనడం లేదు. గొర్రె మాంసం వచ్చేలోగా పులుసుకు ఉల్లిపాయలు వేయించింది, చేటంత రొట్టెలు కాల్చింది. పులుసులో రొట్టెలు తుంచి నానేసి పెద్ద పళ్ళెంలో పోస్తే అదే విందు. అంతా సిద్ధమయ్యాక పొద్దుట్నించీ మొగుడి మొహం చూడలేదని గుర్తొచ్చింది. పక్కింటి చిన్నపిల్లతో కబురంపింది, ఉప్పు జాడీ మూత బిగుసుకుపోయిందని.

సైదల్ వచ్చి ఒక్క తిప్పు తిప్పాడు. మూత వచ్చేసింది.

"ఏం పెషావర్ పిల్లా, కాలేజీలో మూతలు తియ్యడం నేర్పలేదా?"

"నేర్పారు మాస్టారూ. మొగుడు ఊళ్ళో ఉంటే తియ్యొద్దని కూడా నేర్పారు."

"అక్కడ నాన్న మా అన్నయ్య పేరెత్తి మాట్లాడుతున్నాడు. నేనిక్కడ జాడీలు తిప్పుతున్నా. ఇక పోనివ్వు" అని నవ్వుతూ వెనక్కి తిరిగాడు.

అప్పుడే నేల అదిరింది. మూత ఆమె చేతిలోంచి ఎగిరిపోయింది. పొయ్యి మీది కుండ ఒరిగింది. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి హుజ్రా ఉన్న వైపు ఆకాశమంత దుమ్ము. సైదల్ పరుగెత్తాడు. వెంటపడ్డ వగ్మాను జర్‌బీబీ రెండు చేతులతో పట్టేసింది. "ఆగు. రెండోది పడుతుంది. ఎప్పుడూ రెండోది పడుతుంది" అంటూ, కొడుకు మాత్రం అటే పరుగెత్తుతుంటే చూస్తూ నిలబడిపోయింది.

రెండోది పడలేదు. మొదటిదే సరిపోయింది. చంపిన పక్షంవాళ్ళూ, చచ్చినవాడి పక్షంవాళ్ళూ పక్కపక్కనే పోయారు. దరాజ్ ఖాన్‌ను ఆయన ఉంగరం చూసి గుర్తుపట్టారు. బాద్షా మీర్ ఒక్కడు, వాగు దగ్గర గొర్రెను కోస్తూ ఉండిపోయాడు గనక, భుజంలో ఇనుప ముక్కతో మిగిలాడు. అతని తమ్ముళ్ళు ఇద్దరూ పోయారు.

ఆ సాయంత్రం రేడియో చెప్పింది: స్థావరం మీద దాడిలో తీవ్రవాదులు హతమయ్యారని. వగ్మా రేడియో కట్టేసింది. పైనుంచి చూసినవాడికి మనుషులు కనబడ్డారు, తుపాకులు కనబడ్డాయి. లోయలో ఏ మగవాడి భుజానికి తుపాకీ లేదు కనుక? గొర్రె కూడా కనబడే ఉంటుంది. గొర్రె ఎందుకొచ్చిందో ఎలా కనబడుతుంది?

పరామర్శకు ప్రభుత్వం తరఫున ఒక్కడూ రాలేదు. ఎక్కడో దూరదేశంలో కూర్చుని దాడి చేసినవాడు ఎలాగూ రాడు. వచ్చినవాడు షేర్‌జమాన్. బియ్యం బస్తాలు తెచ్చాడు, నెయ్యి డబ్బాలు తెచ్చాడు. తవ్విన గోతుల దగ్గర తన మనుషుల చేత మట్టి పోయించాడు. చాప మీద కూర్చుని దరాజ్ ఖాన్ కోసం నిజంగానే ఏడ్చాడు.

పోతూ పోతూ సైదల్ భుజం మీద చెయ్యి వేశాడు. "మీ నాన్న నాకు ఎదురు చెప్పేవాడు. అయినా మగాడు. శుక్రవారం తంగీలో సైన్యం చెక్‌పోస్టు మీదికి పోతున్నాం. నీ బాకీ నువ్వు తీర్చుకో."

ఆ సాయంత్రం సైదల్ జేబులో బెల్లం లేదు. తండ్రి తుపాకీ ఒళ్ళో పెట్టుకుని నూనె గుడ్డతో తుడుస్తున్నాడు.

"ఆ పోస్టులో నిలబడ్డ కుర్రాళ్ళు మామయ్యని చంపలేదు" అంది వగ్మా.

"మరెవరు చంపారు? చదువుకున్నదానివి కదా, పేరు చెప్పు. వాడి ఇంటికే పోతా."

వగ్మా అతని ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఊరంతా ఏమనుకుంటోందో తెలుసా?" అన్నాడతను. "తండ్రి ముక్కలవుతుంటే కొడుకు పెళ్ళాం జాడీ మూత తీస్తున్నాడని!"

"మూత బిగుసుకోలేదు" అంది వగ్మా. "నిన్ను చూడాలనిపించింది, అంతే. ఒక్కసారి చూడాలనిపించింది. ఇప్పుడు నువ్వు శుక్రవారం పోతే, నేను ఏ వంక పెట్టి పిలవను? ఏ జాడీ చూపించి పిలవను?"

సైదల్ చెయ్యి ఆగింది. మూలన కూర్చున్న జర్‌బీబీ మెల్లిగా అంది: "నా పెద్దకొడుకుని చంపినవాడు గుమ్మంలోకి వచ్చాడు, వదిలేశాం. ఈ చంపినవాడు రాడమ్మా. రానివాణ్ణి ఎలా వదలాలో మా పెద్దలు ఎవరూ చెప్పలేదు."

శుక్రవారం తెల్లవారుతూనే తలుపు చప్పుడైంది. షేర్‌జమాన్ మనుషులే వచ్చారనుకుంది వగ్మా. సైదల్ తలుపు తీశాడు. గుమ్మంలో బాద్షా మీర్. భుజానికి కట్టు. పక్కన గొర్రె లేదు, వెనక మనిషి లేడు.

"మొన్న తినకుండా పోయాం" అన్నాడతను, చూపులు నేల మీదే ఉంచి. "సంధి సగంలో ఉండిపోయింది. నన్ను కాల్చేస్తే నీ ఇష్టం, సంధి సగంలో ఉన్నంతవరకు నీకు ఆ హక్కుంది. తినిపించి పంపినా నీ ఇష్టం."

"ఇంత పొద్దున్నే ఎందుకొచ్చావు?"

"మా అబ్బాయి, సోహ్బత్... నీ దగ్గర లెక్కలు చదివినవాడే." బాద్షా మీర్ కట్టు కట్టిన భుజం పట్టుకున్నాడు. "రాత్రి షేర్‌జమాన్ వెంట పోయాడు. బాబాయిల పగ అంటాడు. నా మాట వినడు, నేనే మనిషిని చంపినవాణ్ణయ్యె, ఏ మొహంతో వద్దంటాను? మీ నాన్న ఉంటే ఆ కొండెక్కి చెవి పట్టుకుని లాక్కొచ్చేవాడు. ఇప్పుడెవరున్నారు చెప్పు, షేర్‌జమాన్‌కి ఎదురు చెప్పడానికి?"

సైదల్ తలుపు పూర్తిగా తెరిచాడు. "హోమ్‌వర్కు ఎప్పుడూ చేసేవాడు కాదు, వెధవ" అన్నాడు. తన మాటకి తనకే కళ్ళు నిండాయి.

వగ్మా అప్పటికే వంటింట్లో ఉంది. మాంసం లేదు. నిన్నటి రొట్టెలు తుంచి, ఉల్లిపాయ పులుసు వేడిచేసి పోసింది. ఉప్పు జాడీకి ఇప్పుడు మూత లేదు, గుడ్డ కట్టి ఉంది. పళ్ళెం ఆమె చేతిలోంచి జర్‌బీబీ అందుకుంది. పెద్దకొడుకుని చంపినవాడి ముందు దాన్ని తనే పెట్టి, అక్కడే నిలబడింది, కొడుకు చెయ్యి, బాద్షా మీర్ చెయ్యి ఒకే పులుసులో మునిగేదాకా.

"ఉప్పు తక్కువైంది" అన్నాడు సైదల్.

"తినండ్రా" అంది జర్‌బీబీ.

సోహ్బత్‌ను వెనక్కి తీసుకురావడానికి సైదల్ లేచాడు. తండ్రి తుపాకీ గోడకే ఉంది. ఒట్టి చేతులతో పోతే షేర్‌జమాన్ వింటాడా అని ఎవరూ అడగలేదు, విననూ వచ్చు, కాల్చనూ వచ్చు. వగ్మా గుడ్డలో రొట్టెలు మూటకట్టి, డబ్బా అడుగున మిగిలిన బెల్లం ముక్క అందులో పెట్టింది.

"ఇది నీకు కాదు. నాకే. తిరిగొచ్చేటప్పుడు జేబులో వేసుకుని రా."

"సుద్దపొడి ఉండదు మరి."

"నువ్వుంటే చాలు."

ఆమె మిద్దెక్కి చూసింది. ఆకాశం నిర్మలంగా ఉంది, ఎక్కడో కందిరీగ మోత సన్నగా వినబడుతోంది. ముందు సైదల్. అతని వెనక, మధ్యలో ఒక పొలమంత ఎడం వదిలి, బాద్షా మీర్. ఇప్పుడే ఒకే పళ్ళెంలో తిని వచ్చినవాళ్ళు, పైనుంచి చూసేవాడికి ఒకరికొకరు ఏమీ కానట్టు, దూరందూరంగా కొండ ఎక్కుతున్నారు.