ఫ్యానుకు కట్టిన మౌస్

ఆ ఇంట్లో స్విచ్చులన్నిటికీ అత్తగారంటే హడల్. మనిషి గదిలోంచి కాలు బయట పెట్టేలోపే లైటూ ఫ్యానూ ఆరిపోవలసిందే. టీవీ ఆపితే చాలేది కాదు, ప్లగ్గు కూడా పీకేసేది. అల్లుడు ఇంటి నుంచే చేసుకునే ఉద్యోగం చూసుకుని ముందుగదిలో కంప్యూటర్ పెట్టగానే మొదటి తగాదా దాని మీదే వచ్చింది.

"మీరు లేచినప్పుడల్లా దాన్నీ ఆపేయాలి కదా బాబూ?"

"ఆపకూడదు అత్తయ్యా. పని వేళల్లో నడుస్తూనే ఉండాలి."

"పోనీ కాసేపు నిద్రపుచ్చండి. అలా కూడా చెయ్యొచ్చని అమ్మాయి చెప్పింది."

"అది పడుకుంటే నా ఉద్యోగం కూడా పడుకుంటుంది."

అతని పని ఒక పార్సిళ్ళ కంపెనీకి. సామాను అందలేదనీ, పగిలి వచ్చిందనీ జనం రాసే గోడు చదివి, ఓపిగ్గా జవాబులు రాయడం. మనిషి కుర్చీలో ఉన్నాడో లేడో పైవాళ్ళకు తెలియడానికి తెర మూల ఒక చుక్క ఉండేది. మౌస్ కదులుతున్నంతసేపూ ఆకుపచ్చగా ఉంటుంది. ఎవరూ ముట్టుకోకపోతే కంప్యూటర్ కునుకు తీస్తుంది, చుక్క పసుపు రంగుకి మారుతుంది, ఆ వెంటనే ఫోన్ మోగుతుంది. సూపర్‌వైజర్ గొంతు వంటింటిదాకా వినబడేది: "ఏం నాయనా, దుప్పటి కప్పమంటావా?"

అలా ఉండగా మామగారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. రోజూ పొద్దున్నే ఆస్పత్రికి తీసుకెళ్ళి కాలూ చెయ్యీ ఆడించే కసరత్తులు చేయించాలన్నారు. కూతురు నూలు మిల్లులో పనిచేస్తుంది, తెల్లారేసరికి వెళ్ళిపోతుంది. అల్లుడు సెలవు అడిగితే కంపెనీ ఇవ్వలేదు.

"ఆయన్ని రిక్షా ఎక్కించే బలం నాకు లేదు బాబూ. మీరే తీసుకెళ్ళాలి" అంది అత్తగారు. "దాని సంగతి నేను చూసుకుంటాను. ఆ మౌస్‌ని కదపడమేగా, అదేమన్నా రోకలా?"

రెండు పొద్దులు కదిపింది. అన్నం మాడింది, పాలు పొంగిపోయాయి. మూడో పొద్దున టేబుల్ ఫ్యాను తెచ్చి పక్కన పెట్టి, దాని జాలీకి ఒక పొడవాటి పుల్ల కట్టి, పుల్ల కొసన మౌస్‌ని దారంతో బిగించింది. ఫ్యాను తల అటు తిప్పితే మౌస్ అటు, ఇటు తిప్పితే ఇటు. చుక్క ఆకుపచ్చగా నవ్వుతూ కూర్చుంది.

తిరిగొచ్చిన అల్లుడు అది చూసి కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. "ఈ నెల ఉత్తమ ఉద్యోగి బహుమతి మీకే అత్తయ్యా!"

జన్మలో ఒక్క బల్బు ఊరికే వెలగనివ్వని మనిషి, ఎవరూ లేని గదిలో ఫ్యానూ కంప్యూటరూ రెండూ నడిపిస్తూ వంటింట్లో నిశ్చింతగా కూరలు తరుక్కుంది. అల్లుడి ఉద్యోగానికి తనూ ఒక చెయ్యి వేస్తున్నానని లోలోపల మురిసిపోయింది కూడా.

ఒకరోజు పొద్దున కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది, తెర నల్లబడింది. అత్తగారు కత్తిపీట వదిలేసి వచ్చింది. స్విచ్చులు నొక్కింది, ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టింది, పక్కింటికి పరిగెత్తి "మీక్కూడా పోయిందా?" అని అడిగింది. ఎంతకీ రాలేదు. అల్లుడు మామగారిని నడిపించుకుంటూ గుమ్మంలోకి వచ్చేసరికి చెమటలు కక్కుతోంది.

"కరెంటు ఎప్పుడో పోయింది బాబూ! వాడు ఫోన్ చేశాడా? ఏమన్నాడు?"

"చెయ్యలేదు అత్తయ్యా." అతను మామగారిని మంచం మీద కూర్చోబెట్టి, చెప్పులు విప్పి పక్కన పెట్టి, గ్లాసుతో నీళ్ళు తెచ్చుకుని నింపాదిగా తాగాడు.

ఆ నింపాదే ఆవిడకు ఎక్కడో గుచ్చుకుంది. ఇదివరకైతే ఈపాటికి చెప్పులతోనే కుర్చీలో దూకేవాడు. ఆ దుప్పటివాడి గొంతు విని ఎన్నాళ్ళయింది? గుర్తు చేసుకోబోతే గుర్తు రాలేదు. కరెంటు వచ్చాక అతను కంప్యూటర్ వేశాడు. ఆవిడ వెనక నిలబడి తెర మూలకు చూసింది.

"చుక్కేది?"

అతను తెర మీది దుమ్ము తుడిచాడు.

"చుక్కేది బాబూ?"

"తీసేశారు అత్తయ్యా. చుక్కనీ, నన్నూ."

"ఎందుకు? ఏం తప్పు చేశారు?"

అతను ఫ్యాను వైపు చూడకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాడు. కానీ ఆవిడ చూపు అప్పటికే అక్కడికి వెళ్ళిపోయింది. పుల్లా, దారం, మౌస్.

"ఒక్క అక్షరం కొట్టకుండా గంటలకొద్దీ అదే గీత మీద అటూ ఇటూ ఏ మనిషి కదుపుతాడయ్యా అని అడిగారు. మోసమన్నారు. నేనే చేశానన్నాను."

అత్తగారు పుల్లకు కట్టిన దారాన్ని వేలితో తడిమింది. "మరి ఇన్నాళ్ళూ నాచేత దీన్నెందుకు కట్టించారు?"

"చెబితే మీరు అన్నం తింటారా?"

"ఇప్పుడు తింటాననుకున్నారా?"

మామగారు మంచం మీంచి వంకర పోయిన నోటితో ఏదో అన్నాడు. ఇద్దరికీ అర్థం కాలేదు.

"ఇంకోటి వెతుక్కుంటున్నాను. దొరికేదాకా మీ అమ్మాయికి తెలియనివ్వకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను" అన్నాడు అల్లుడు.

కూతురు సాయంత్రం దగ్గుకుంటూ వచ్చింది. మిల్లులో దూది దుమ్ము ఎప్పటినుంచో ఆమె గుండెల్లో చేరుతోంది. జుట్టులో తెల్లటి పీచు ఏరుకుంటూ నవ్వింది. "అమ్మా, ఇంక ఆ దుమ్ము మింగడం నావల్ల కాదే. రేపు మేస్త్రీకి మానేస్తానని చెప్పేస్తాను. నా చోటుకి బయట పదిమంది కాచుకున్నారు, మళ్ళీ రమ్మన్నా రానని కూడా చెప్తా. ఆయన ఉద్యోగం నిలకడగానే ఉందిగా."

అత్తగారు అల్లుడి వైపు చూసింది. అతను తెర వైపు చూశాడు. తెర మీద ఏమీ లేదు.

తెల్లారి కూతురు జడ వేసుకుంటుంటే, ఆమెకు అనుమానం రాకుండా అత్తగారు ఎప్పట్లాగే పుల్ల కట్టింది. దారం ముడి రెండుసార్లు జారి మూడోసారి పడ్డాక ఫ్యాను వేసింది. కూతురు అలవాటుగా మునివేళ్ళ మీద నడుచుకుంటూ గుమ్మం దాకా వెళ్ళి గుసగుసగా అంది: "ఏవండీ, చెప్పేసి వచ్చేస్తాను. రేపట్నుంచి నాన్నని నేను తీసుకెళ్తాను, మీరు కుర్చీలోంచి లేవక్కర్లేదు."

అల్లుడు కుర్చీలోంచి సగం లేచాడు.

అత్తగారు వంగి కంప్యూటర్ ప్లగ్గు పీకేసింది.

"అమ్మా! ఏంటా పని? ఆయన ఉద్యోగం పోతుందే!"

"పోయిందే. నేనే పోగొట్టాను. ఈ ఫ్యానుతో."

కూతురు ముందు నవ్వబోయింది. మొగుడి మొహం చూసి ఆగిపోయింది.

"ఎన్నాళ్ళయింది?"

"నెల దాటింది" అన్నాడతను.

"నెల. రోజూ పిల్లిలా నడిచానండీ, మీ పనికి అడ్డమని. దగ్గు వస్తే దిండు నోట్లో కుక్కుకున్నాను."

ఆమె చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని, కొంగు ముక్కుకి అడ్డం కట్టుకుంది. "వస్తాను. ఆలస్యమైతే లోపలికి రానివ్వరు." మెట్లు దిగుతుంటే దగ్గు మొదలైంది. ఈసారి ఆపుకోలేదు. వీధి మలుపు దాకా వినిపించింది.

గదిలో ఫ్యాను ఇంకా తల అటూ ఇటూ తిప్పుతూనే ఉంది. దాని పుల్ల కొసన మౌస్ బల్ల మీద గీసుకుంటూ పోతోంది, వస్తోంది. స్విచ్ అత్తగారి చేతికి అందేంత దగ్గర్లోనే ఉంది.