ఊడ దిగే వేళ

పసుపు పువ్వు.

వేలి గోరంత పువ్వు. తెల్లవారుతుండగా విచ్చుకుంటుంది. ఎండ నెత్తిమీదికి వచ్చేసరికి వాడిపోతుంది.

వాడిన చోటునుంచి ఒక ఊడ మొలుస్తుంది — సన్నగా, సూదిలా — కిందికి వంగి, మట్టిని వెతుక్కుంటూ.

వేరుశనగ తీరు అది. పువ్వు వెలుగులో. కాయ చీకట్లో.

బెళుగుప్ప మెట్టమీద, గాలిమరల నీడలు తిరిగే ఎర్రచేలో, ఓబుళేసు ఆ పువ్వు ముందు గొంతుక్కూర్చుని ఫోటో తీశాడు. ముఖం పెట్టమన్న చోట ఆ పువ్వును పెట్టాడు.

మగవాళ్లు మగవాళ్లను వెతుక్కునే యాప్ అది.

అక్కడ ముఖాలుండవు. మెడ కిందినుంచి మొదలయ్యే మనుషులుంటారు. నల్లకళ్లద్దాలుంటాయి. బైకులుంటాయి, కొండలుంటాయి, ఖాళీ బూడిదరంగు గళ్లుంటాయి. ప్రతి గడి కిందా ఒక దూరం ఉంటుంది... ఇంత దూరంలో ఒక ఒంటరితనం ఉంది, అంత దూరంలో ఇంకొకటి ఉంది అని.

చాటుగా కలిసే చోటు కోసం ప్రతి గడీ అడిగే మొదటి మాట ఒకటే. ప్లేస్ ఉందా?

లేదంటే, అదే చివరి మాట.

తానెవరో ఓబుళేసుకు ఏనాడూ అనుమానం లేదు. మీసాలు రాని వయసులోనే తెలుసు. తన రంగు ఎరుపని ఈ నేలకు తెలిసినంత తేటగా తెలుసు. సిగ్గు అతని మాటలో ఉండేది, మనసులో కాదు. అతనికి తెలియనిదల్లా ఒక్కటే — ఈ మెట్టమీద, ఇంత ఆకాశం కింద, తన కోసం ఒకడు ఉన్నాడా?

ఉన్నాడనే నమ్మాడు.

నమ్మకం లేనివాడు ఈ నేలలో విత్తనం వేయడు.

కిందటేడు కొత్తచెరువు వాడొకడు కలిశాడు, యాప్‌లోనే. మంచి మాటకారి. వాడి మాటలకు ఓబుళేసు లోపల ఏదో పూసింది, ఏదో వంగింది, ఏదో మట్టిని తాకింది. తాకగానే ఆగలేకపోయాడు. పేరేమి? ఇంట్లో ఎవరెవరు? ఫోటో ఎప్పుడు? కలిసేదెప్పుడు? పొద్దున అడిగాడు. మాపున అడిగాడు. అడిగిందే అడిగాడు.

ఒక ఉదయం ఆ గడి లేదు.

ఊడలు దిగిన చేలో ఏ రైతూ గుంటక తోలడు. కలుపు ఎంతున్నా తోలడు. మట్టి కదిలితే ఊడ తెగుతుంది, తెగిన ఊడ కాయ కాదు. పసితనం నుంచీ తెలిసిన సంగతే. చేలో ఎన్నడూ చేయని తప్పు మనిషి దగ్గర చేశాడు.

ఈ ఏడు వాన ఆలస్యంగా వచ్చింది. వచ్చిన వానకే విత్తారు. విత్తిన చేను పూతకు వచ్చినప్పుడు, ఒక కొత్త గడి పలకరించింది. గార్లదిన్నె వైపునుంచి. ఫోటోలో ముఖం లేదు. ఎర్రటి రెక్సిన్‌లోకి లావుపాటి సూదిని దించుతున్న రెండు వేళ్లు.

ఆ గడి ప్లేస్ అడగలేదు.

“అది చెనిక్కాయ పువ్వు కదా అన్నా? ఆ బొట్లు నీళ్లు చల్లినవా, పొద్దుటి మంచేనా?”

ఓబుళేసు నవ్వాడు. యాప్‌లో నవ్వడం అదే మొదలు.

“మంచే. చల్లేకి ఈడ నీళ్లు యాడుండాయి?”

వాడు ఆటోలకు సీట్లు కుట్టేవాడు. పొద్దంతా సూది, మాపున మాటలు. ప్రతి మాటకూ అన్నా. ప్రేమగా రాసిన మాట చివర కూడా అన్నా.

“అన్నా అని పిలిస్తే ఎట్లప్పా, ఈ యాప్‌లో?”

“అలవాటన్నా. నోరు తిరగల్యా.”

ఓబుళేసు పేరడగలేదు. ముఖమడగలేదు. గుంటక ముట్టలేదు. వాడూ అడగలేదు. వారాలు గడిచాయి. గాలిమరలు గాలి వచ్చిన వైపుకల్లా ముఖం తిప్పుకుంటూనే ఉన్నాయి. వాళ్లిద్దరూ మాత్రం తిప్పుకోలేదు.

వాన మళ్లీ రాలేదు.

చేలో నిలబడి ఫోన్‌లోకి తల వంచిన కొడుకును చూసి నాగన్న కేకేశాడు.

“ఏమప్పా, చేన్ను చూసేకి వచ్చినావా, ఫోన్ను చూసేకి వచ్చినావా?”

“రెండూ చూస్తాండా నాయనా. రెండూ ఎండుతాండాయి.”

“ఫోన్‌కైతే చార్జింగు పెట్టుకుంటావు. చేనికేం పెడదాం?”

అని, ఆయన గట్టు పక్కనున్న ఒక వేరుశనగ చెట్టును మొదలు దగ్గర పట్టి పైకి పీకాడు. వేళ్లతో మట్టి దులిపాడు. ఒక కాయ చిదిపాడు. గింజ తెల్లగా, మెత్తగా, ఇంకా పాలమీద ఉంది.

“ఉత్తగా ఒక చెట్టు పాయ కదా నాయనా.”

“పోనీప్పా. పైనుంచి చూస్తే కిందేముండాదో తెలుస్తాదా? ఒక చెట్టు పీకల్ల. ఊరికే భయపడతా కూచుంటే కోతలొచ్చేస్తాయి.”

ఆయన వెళ్లిపోయాడు. పీకిన చెట్టు గట్టుమీద పడి ఉంది — వేళ్లు ఆకాశం వైపు, కాయలన్నీ బయట, దాపరికమేమీ లేకుండా.

ఓబుళేసు దాన్ని చాలాసేపు చూశాడు.

కదపకపోవడం ఒకటి. చూడకపోవడం ఒకటి. ఇన్నాళ్లూ రెండూ ఒకటేననుకున్నాడు.

ఎదుటివాణ్ణి పీకకూడదు. అంతే.

తనను తాను పీకి చూపించవచ్చు.

తలకు చుట్టిన తువ్వాలు విప్పాడు. ఎండలోకి తిరిగాడు. నీడ వెతకలేదు, నవ్వు తెచ్చిపెట్టుకోలేదు. ఎండకు నల్లబడిన నుదురు, కనుబొమ మీద చిన్నప్పటి గాటు, కొంచెం బెదురు, బోలెడంత నిజం.

పంపించాడు.

కింద రాశాడు — నా పేరు ఓబుళేసు. అన్నా అనద్దు.

జవాబు లేదు. ఆ మధ్యాహ్నం లేదు. ఆ సాయంత్రం లేదు.

ఆశ్చర్యం, అతనికి పశ్చాత్తాపమూ లేదు. గట్టుమీద చెట్టులా తేలికగా ఉన్నాడు. ఇక పోయేదేమీ లేనంత తేలిక.

పొద్దున, పూలు విచ్చుకునే వేళ, ఫోన్ వెలిగింది.

ఒక ముఖం. పలచని గడ్డం. చెవి వెనక ఇరికించిన సూది. కింద ఒక పేరు.

“ఓబుళేసూ... ఇంక అన్నా అనను. నా పేరు అమాన్. శుక్రవారం మా అంగడి మూస్తాం. పొద్దున్నే వస్తా, నమాజు మీ ఊరి మసీదులో చేసుకుంటా. యాడికి రావల్ల?”

యాడికి?

లాడ్జి అనవచ్చు. ఊరి బయట అనవచ్చు. చీకటి పడ్డాక అనవచ్చు. ఆ యాప్‌లో చిరునామాలన్నీ అవే.

“చేనికి రా. గాలిమరల కింద, రోడ్డు పక్కనే. మా నాయన కూడా ఉంటాడు.”

“మీ నాయన ఉంటే ఎట్లప్పా?”

“చేను నాయనది. పిలిచింది నేను.”

ఆ తర్వాత అమాన్ రాయలేదు. వస్తానని లేదు. రానని లేదు.

శుక్రవారం.

ఓబుళేసు ఉతికిన చొక్కా వేసుకుని గట్టుమీద నిలబడ్డాడు. సాళ్ల మధ్య పసుపు పూలు అక్కడక్కడ విచ్చుకుని ఉన్నాయి. పొద్దెక్కింది. ఒక లారీ పోయింది. గొర్రెల మంద పోయింది. ఒక బైకు ఆగబోయినట్లే ఆగి, పోయింది.

మట్టి కదలకుండా కొడవలితో కలుపు కోస్తున్న నాగన్న నడుమెత్తాడు.

“పొద్దుటినుంచీ రోడ్డు చూస్తాండావు. ఎవరప్పా వచ్చేది?”

ఇన్నేళ్లూ ఈ ప్రశ్నకు అతని దగ్గర వంద అబద్ధాలుండేవి. ఒక్కటీ నోటికి రాలేదు. రావాలనుకోలేదు.

“నాకు కావాల్సినోడు నాయనా.”

గాలిమర రెక్క నీడ ఇద్దరి మీదుగా ఒకసారి పోయింది. మళ్లీ వచ్చింది.

నాగన్న కొడుకు ముఖంలోకి చూశాడు. ఉతికిన చొక్కాను చూశాడు. మళ్లీ ముఖాన్ని చూశాడు. ఏదో అడగబోయాడు... అడగలేదు. ఊడలు దిగిన నేలమీద కాలు ఎట్లా పెట్టాలో తెలిసినవాడు.

“ఎండకు వస్తాండాడు.” ఆయన కొడవలిని మట్టికి తుడిచాడు. “బిందెలో నీళ్లుండాయా?”

“ఉండాయి నాయనా.”

“ఉంటే సరే.”

ఆయన మళ్లీ వంగాడు.

జేబులో ఫోన్ ఉంది. తెరిస్తే దూరం చెబుతుంది. ఓబుళేసు తెరవలేదు. అతని ముఖం రోడ్డు వైపే ఉంది — తువ్వాలు లేకుండా, చేయి అడ్డం లేకుండా.

మలుపు దగ్గర ఎర్రదుమ్ము లేచింది.

ఆటో కావచ్చు. పాల బండి కావచ్చు. ఉత్త గాలి కావచ్చు.

ఎండ ఇంకా నెత్తిమీదికి రాలేదు.

కాలి దగ్గర, వేలి గోరంత —

పసుపు పువ్వు. ఇంకా వాడలేదు.