మూడు తెగల దుంపలు, ఒక వేలంపాట

బంగాళాదుంపని బంగాళాఖాతం పక్కనే పండించాలని ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు తోచలేదో గాని, రిటైరైన ఏడాది మా ఐజాక్ అన్నయ్యకి తోచింది. మొగల్తూరులో మా పెరడు ఇసుక నేల. అందులో కంద వేస్తాం, పెండలం వేస్తాం, చిలగడదుంప వేస్తాం. బంగాళాదుంప మాత్రం సంతలో కొంటాం.

బడిలో పిల్లల్ని "నీ దుంపతెగ" అని తిట్టిన నోటితోనే అన్నయ్య దుంపల తెగల మీద పాఠం మొదలుపెట్టాడు. ఖరగ్‌పూర్‌లో ఉన్న బావమరిది చేత రైల్లో విత్తనం తెప్పించి మూడు మళ్ళు చేశాడు. జ్యోతి, చంద్రముఖి తెల్లవి, సిందూరి ఎర్రతోలుది. ఈ వయసులో పెరట్లో ముగ్గుర్ని పెట్టాడు, కాస్త కనిపెట్టుకుని ఉండమని హెలెన్ వదినతో అన్నాను.

"పెట్టనియ్యవయ్యా. ముగ్గురూ కలిసి ఆయనకి చాకిరీ నేర్పుతారు" అంది వదిన.

అన్నయ్య ప్రాణమంతా ఆ మూడోదాని మీదే. వదిన ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన మనిషి. అక్కడ చలికాలంలో గోలీలంత ఎర్ర దుంపలు తోలుతో సహా ఉడకేసి, ఉప్పు అద్ది పెట్టేదట వాళ్ళమ్మ. ఇక్కడికి కాపరానికొచ్చాక ఆ రుచి మళ్ళీ తగల్లేదని ఎప్పుడైనా అనేది. ఫిర్యాదు కాదు, ఊరికే జ్ఞాపకం. ఆ మాట ఏళ్ళ తరబడి విని విని అన్నయ్య ఇప్పటికి గునపం పట్టాడు. ఎవరికోసమో వీధందరికీ తెలుసు. ఆయన మాత్రం అడిగినవాళ్ళకల్లా "ప్రయోగం" అని చెప్పేవాడు.

ముక్కకో కన్నుండేలా కోసి, బూడిద అద్ది, గట్ల మీద నాటాడు. మొక్క జానెడయ్యాక మొదట్లోకి మట్టి ఎగదోశాడు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ మాది కాలవ శివారు. ఇక్కడ నీళ్ళు రావడమే ఒక వార్త. పైగా అన్నయ్య వరి చేల మధ్య పెరిగినవాడు. మడి నిండా నీళ్ళు నిలబడి మెరిస్తే తప్ప తడి పెట్టినట్టు అనిపించదు ఆయనకి. జనవరిలో కాలవలోంచి పెరటి వెనక పంట బోదెకి నీళ్ళొచ్చిన రోజు, ఒళ్ళు మరిచి గండి కొట్టేశాడు. మెరకనున్న రెండు మళ్ళూ తడిసి ఊరుకున్నాయి. పల్లాన ఉన్న మూడోది చెరువైంది. జ్యోతి వెలిగింది, చంద్రముఖి నిండింది, సిందూరం నీళ్ళకి కరిగిపోయింది.

చర్చిలో కోత పండుగ వారం తవ్వారు. మొదటి రెండు మళ్ళలో బుట్టల కొద్దీ వచ్చాయి. మూడో మడిలో కుళ్ళిన ముద్దల మధ్య వెతగ్గా వెతగ్గా ఎర్రవి ఒక గిన్నెడు దొరికాయి. అన్నయ్య వాటిని కడిగి, తువ్వాలుతో తుడిచి వదినకిచ్చాడు.

అక్కడొచ్చింది చిక్కు. ఏ పంటకైనా మొదటి కాపు కోత పండుగనాడు దేవుడికివ్వాలి; ఇచ్చేదాకా ఇంట్లో రుచి చూడకూడదు. తెల్లవి రెండు బుట్టలిస్తే చాలదా అన్నాడు అన్నయ్య. తెగ వేరైతే పంట వేరే అంది వదిన. దీనికి మొదటి కాపూ ఆఖరి కాపూ ఈ గిన్నెడే కదా అన్నాడు. అయితే గిన్నెడూ ఇవ్వాల్సిందే అంది.

అన్నయ్య నేల చూపులు చూస్తూ, "అవి నీకోసం వేశాను, హెలెన్" అన్నాడు.

"తెలుసండి. నావి గనకే ఇస్తున్నాను. ఇంకొకళ్ళవైతే ఇవ్వడానికి నేనెవర్ని?"

ఆదివారం ఆరాధన అయ్యాక ఆవరణలో కానుకల వేలంపాట. ఎవరి కానుక వాళ్ళే పాడుకోవడం మా సంఘంలో మర్యాద కాదు. అందుకని అన్నయ్య నన్ను పక్కకి పిలిచి, జేబులో ఉన్నదంతా నా చేతిలో పెట్టి, ఎంతైనా సరే ఆ గిన్నె పాడమన్నాడు. జన్మలో నన్ను పాడమన్నవాడు అన్నయ్య ఒక్కడే.

సంఘ పెద్ద సామ్యేలు గారు పాట పెట్టారు. నేను అందుకున్నాను. ఆడవాళ్ళ వైపు నుంచి పక్కింటి సంపూర్ణమ్మగారు నా మీద పెంచారు. నేనూ పెంచాను. ఆవిడ తగ్గలేదు. గిన్నెడు దుంపలు మేకపోతు ధర దాటిపోయాయి. పాస్టరు గారు పాటల పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు.

"మీకు వాతం కదండీ, దుంపలెందుకండీ?" అన్నాను.

"నా వాతం సంగతి నేను చూసుకుంటాగాని శాంతికుమారూ, నువ్వు వాగుడు తగ్గించి పాట పెంచు."

పెంచడానికి చేతిలో ఏమీ మిగల్లేదు. అన్నయ్య వైపు చూస్తే తల అడ్డంగా ఊపాడు. సామ్యేలు గారు మూడోసారి అనేశారు. అన్నయ్య చెప్పులేసుకుని గేటు వైపు నడుస్తున్నాడు.

సంపూర్ణమ్మగారు గిన్నె తీసుకుని తిన్నగా వెళ్ళి వదిన ఒళ్ళో పెట్టారు. "ఇదిగో, నువ్విచ్చిన డబ్బు సరిపోయింది. నీ మరిది నా గొంతు కాస్తా పోగొట్టాడు."

వదినా అదే ఎత్తు వేసిందన్నమాట: దేవుడిది దేవుడికిచ్చేసి, మర్యాదగా మళ్ళీ కొనుక్కోవడం. ఒకే ఇంటివాళ్ళం సొంత దుంపల మీద పోటీపడి ధర పెంచుకున్నామని తెలిసి ఆవరణంతా ఘొల్లుమంది. గేటు దగ్గర అన్నయ్య వెనక్కి తిరిగాడు.

విందు వంట జరుగుతున్న పొయ్యి మీదే వదిన వాటిని ఉడకేసింది. ఉప్పు అద్ది తోలుతో సహా ఒకటి కొరికింది. అన్నయ్య మార్కుల కోసం నిలబడ్డ పిల్లాడిలా ఉన్నాడు.

"ఖరగ్‌పూర్‌వి ఇంతకంటే తియ్యగా ఉండేవండి" అంది.

ఆయన ముఖం వాడింది. ఆవిడ రెండోది తీసుకుంది. ఆ తర్వాత మూడోది. నేను చెయ్యి చాపితే గిన్నె పక్కకి లాక్కుని, తన మీద పాడినవాడికి లేదంది. ఒకటి అన్నయ్య చేతిలో పెట్టింది. ఆయన దాన్నలాగే పట్టుకుని, ఆవిడ తింటుంటే చూస్తూ నిలబడ్డాడు.

"చల్లారిపోతోంది, తినండి" అంది వదిన.